అనంతపురం నుంచి జర్మనీ పిల్లల కేంద్రం వంటగదికి: ఏడాది సేవకు ఎలా సిద్ధం కావాలి

అనంతపురం వాళ్లకు విదేశీ వలంటీర్లు కొత్త కాదు. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఇక్కడ ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే సేవా సంస్థను మొదలుపెట్టిన నాటి నుంచి స్పెయిన్ వాళ్లు వచ్చి పోతూనే ఉన్నారు. బత్తలపల్లి ఆసుపత్రిలో వాళ్లను చూస్తూ పెరిగిన తరం మాది. ఇక్కడి నుంచి అలా బయటికి వెళ్లేవాళ్లు మాత్రం తక్కువ. నేను వెళ్లాను. జర్మనీలో ఒక చిన్న ఊరు, అక్కడ ఒక పిల్లల కేంద్రం, దాని వంటగదిలో ఏడాది పని. తిరిగొచ్చాక కర్నూలు నుంచి, కడప నుంచి కూడా పిల్లలు ఫోన్ చేసి ఎలా వెళ్లావక్కా అని అడుగుతున్నారు. అందరికీ చెప్పే మాటలనే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ముందే ఒక మాట. వంట బాగా వచ్చా అని మిమ్మల్ని అక్కడ ఎవరూ అడగరు. చేతులు ఎలా కడుగుతారు, చెప్పింది అర్థం కాకపోతే మళ్లీ అడుగుతారా, డబ్బా మీద తేదీ రాయడం మరిచిపోతారా, ఇవి చూస్తారు. కింద చెప్పే సిద్ధపాటంతా దీనికోసమే.

మొదట దారి ఎంచుకోండి

జర్మనీలో ఇలాంటి సేవకు చట్టబద్ధమైన దారులు రెండు. ఒకటి ఎఫ్‌ఎస్‌జె, అంటే స్వచ్ఛంద సామాజిక సంవత్సరం. 27 ఏళ్లు నిండనివాళ్లకు ఇది. రెండోది బీఎఫ్‌డీ, అంటే కేంద్ర ప్రభుత్వ స్వచ్ఛంద సేవ. అక్కడ నిర్బంధ సైనిక సేవను పక్కన పెట్టినప్పుడు, దానికి బదులుగా కుర్రాళ్లు ఆసుపత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో చేసే పౌర సేవ కూడా ఆగిపోయింది. ఆ ఖాళీని నింపడానికి 2011 జులైలో బీఎఫ్‌డీ మొదలైంది. దీనికి వయసులో పైహద్దు లేదు. రెండూ మామూలుగా 12 నెలలు ఉంటాయి. 27 లోపు వాళ్లకు ఆ ఏడాదిలో 25 రోజులు శిక్షణ తరగతులు తప్పనిసరి, వాటిని పని రోజులుగానే లెక్కిస్తారు.

జీతం ఉండదు, చేతిఖర్చు ఇస్తారు. 2025లో దాని గరిష్ఠ పరిమితి నెలకు 644 యూరోలు. చాలా చోట్ల ఇచ్చేది అంతకంటే తక్కువే. ఆరోగ్య బీమా సొమ్ము మాత్రం మిమ్మల్ని తీసుకున్న సంస్థే కడుతుంది. కాబట్టి ఇంటికి డబ్బు పంపే ఆలోచన ఉంటే ఇది మీ దారి కాదు, అమ్మానాన్నలకు కూడా ఈ సంగతి ముందే తేల్చి చెప్పండి. గది ఇచ్చే కేంద్రం దొరికితే బతకొచ్చు. గది ఇవ్వని పెద్ద నగరంలో అద్దెకే చేతిఖర్చు చాలదు. నేను చిన్న ఊరు ఎంచుకున్నది అందుకే.

అక్కడ పిల్లల కేంద్రాన్ని కీటా అంటారు. ఎక్కువగా ఏడాది నిండిన పిల్లల నుంచి బడికి వెళ్లే వయసు దాకా ఉదయం వచ్చి సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోతారు. మన అంగన్‌వాడీకి దగ్గరగా ఉంటుంది. ఏ దేశంలోనైనా సరే, అనాథాశ్రమంలో రెండు మూడు వారాలు ఉండి పిల్లలతో ఆడుకోండి, ఇంత కట్టండి అనే ప్రకటనల జోలికి మాత్రం పోకండి. అమ్మానాన్నలు దగ్గర లేని పిల్లలు వచ్చినవాళ్లందరికీ అలవాటు పడి, వాళ్లందరినీ పోగొట్టుకుంటూ పెరుగుతారు. డబ్బు కట్టే అతిథులు వస్తుంటే ఆశ్రమం నిండుగా ఉంచాలనే ఆశ కూడా పుడుతుంది. సాయంత్రం ఇంటికి వెళ్లే పిల్లలున్న చోటుకే వెళ్లండి.

ఏజెంట్ల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. నాకు తెలిసిన ఒక అబ్బాయి ప్లేస్‌మెంట్ ఫీజు పేరుతో లక్షల్లో కట్టాడు. చివరికి వాడి చేతికి వచ్చింది పర్యాటక వీసాకు అపాయింట్‌మెంట్. పర్యాటక వీసా మీద వెళ్లి ఈ సేవ చేయడం చట్టవిరుద్ధం, పట్టుబడితే తర్వాతి వీసాలన్నీ చిక్కుల్లో పడతాయి. సేవ చేయించుకునే సంస్థలు మామూలుగా మీ దగ్గర డబ్బు అడగవు. వాటి దరఖాస్తు ఫారాలు వాటి వెబ్‌సైట్లలోనే ఉంటాయి, నేరుగా మీరే నింపండి.

భాష, ఏడాది ముందు నుంచి

ఏ2 స్థాయి, అంటే ప్రాథమిక జర్మన్ ఉంటే కొన్ని సంస్థలు మాట్లాడతాయి. దాని పైమెట్టు బీ1 ఉంటే చాలా తలుపులు తెరుచుకుంటాయి. జర్మన్ నేర్పే గోథె ఇన్‌స్టిట్యూట్ బెంగళూరులో ఉంది, హైదరాబాద్‌లో గోథె జెంట్రుమ్ ఉంది. రెండూ ఆన్‌లైన్ తరగతులు కూడా నడుపుతాయి. నేను ఇంట్లో కూర్చుని చదివి పరీక్షకు మాత్రం బెంగళూరు వెళ్లాను.

పుస్తకంలో రైలు టికెట్ కొనే సంభాషణలు ఉంటాయి, వంటింటి మాటలు ఉండవు. అవి మీరే పోగు చేసుకోవాలి. గరిటె, జల్లెడ, మూత, తుడిచే గుడ్డ, పొయ్యి, గిన్నెలు కడిగే మెషీన్ లాంటి 150 మాటలు రాసుకుని మీ ఇంటి వంటింట్లో ఆ వస్తువుల మీదే చీటీలు అంటించండి. మా అవ్వ రెండు నెలలు ఆ చీటీల మధ్యే వంట చేసింది. వేడి గిన్నె పట్టుకుని ఒకరి వెనక నుంచి వెళ్లేటప్పుడు ఫోర్‌జిష్ట్, హైస్ అనాలి, అంటే జాగ్రత్త, వేడి. ఇది ఆలోచించకుండా నోటికి రావాలి. నోఖ్ మాల్ బిట్టె, అంటే ఇంకోసారి చెప్పండి. ఈ రెండో మాట సిగ్గుపడకుండా రోజుకు ఇరవై సార్లు అనగలగాలి. అర్థం కాకపోయినా తల ఊపడం మనలో చాలామందికి బడిలోనే అలవాటైపోయింది. పిల్లల వంటగదిలో ఆ తల ఊపు చాలా ప్రమాదం. పాలు పడని పిల్లాడి గిన్నె ఏదో అర్థం కాకుండానే తల ఊపితే ఏమవుతుందో ఆలోచించండి.

జర్మన్‌లో కూడా మనకున్నట్టే నువ్వు, మీరు అనే తేడా ఉంది. డూ అంటే నువ్వు, జీ అంటే మీరు. అక్కా, అన్నా అని వరస కలిపి పిలిచే వీలు మాత్రం లేదు. మొదటి రోజు అందరినీ జీ అనండి. వంటగది పెద్దావిడ తనే డూ అనమంటే అప్పుడు మారండి. అమ్మ వయసున్నావిడను పేరు పెట్టి నువ్వు అనడానికి నాకు నాలుగు వారాలు పట్టింది.

ఊర్లోనే ఆరు వారాలు

ఇది ఎవరూ చెప్పరు, నేను మాత్రం గట్టిగా చెబుతాను. విమానం ఎక్కే ముందు మీ ఊర్లోనే పిల్లలకు వండే చోట కనీసం ఆరు వారాలు పని చేయండి. అంగన్‌వాడీ టీచరమ్మను అడగండి, బడిలో మధ్యాహ్న భోజనం వండే అక్కలను అడగండి, హెడ్‌మాస్టరు గారి అనుమతి తీసుకోండి. సెలవుల్లో అయితే పుట్టపర్తిలో, మంత్రాలయంలో వందల మందికి వండే చోట కూరగాయలు తరిగే సేవ దొరుకుతుంది.

నేను మా వీధి చివరి ప్రైమరీ బడిలో చేశాను. ఇంట్లో నలుగురికి వండే చెయ్యికి ఎనభై మంది పిల్లల అన్నం ఏమిటో తెలియదు. నలభై లీటర్ల గిన్నె ఎలా పట్టుకుంటే నడుము నిలుస్తుందో, అన్నం వార్చేటప్పుడు ఆవిరి ఎటు కొడుతుందో, ఉడికిన గుడ్లు ఎనభై వలవడానికి ఎంతసేపు పడుతుందో అక్కడే తెలిసింది. గంట కొట్టేసరికి పళ్లేలు సిద్ధంగా ఉండాలనే హడావుడి కూడా. పిల్లలకు ఆకలి పన్నెండింటికి వేస్తే పన్నెండింటికే పెట్టాలి, పన్నెండున్నరకు కాదు. అక్కడ వండే ఆయమ్మ నాకు నేర్పిన మొదటి పాఠం బియ్యం ఏరడం కాదు, పని మొదలుపెట్టే ముందు గాజులు తీసి గూట్లో పెట్టడం. జర్మనీలో నా మొదటి రోజు కూడా ఆ పనితోనే మొదలైంది.

ఈ ఆరు వారాల గురించి దరఖాస్తు ఉత్తరంలో రాయండి. ఎంతమంది పిల్లలు, ఏ పని, ఏ వేళకు అని లెక్కతో రాయండి. నాకు పిల్లలంటే ఇష్టం అనే వాక్యం ప్రతి ఉత్తరంలోనూ ఉంటుంది. రోజూ పదకొండున్నరకు ఎనభై మంది అన్నం దించేదాన్ని అనే వాక్యం మీ ఉత్తరంలోనే ఉంటుంది.

కాగితాలు

సేవా సంవత్సరం ఎక్కువ చోట్ల ఆగస్టులోనో సెప్టెంబరులోనో మొదలవుతుంది. ముందు ఏడాది శీతాకాలానికే దరఖాస్తులు పంపితే ఒప్పందం వేసవికి ముందు చేతికొస్తుంది, వీసాకు రెండు మూడు నెలలు మిగులుతాయి.

పాస్‌పోర్టు లేకపోతే ఇవాళే దరఖాస్తు చేయండి. 36 పేజీల పుస్తకానికి 1500 రూపాయలు. ఇంటర్ సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో, పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి. మన వైపు ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనక, ఒకచోట ఒక్క అక్షరమే ఉంటుంది. ముందే సరిచేసుకోకపోతే దాంతోనే నెల పోతుంది. కొన్ని సంస్థలు ఇక్కడి పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ అడుగుతాయి, అది కూడా పాస్‌పోర్టు సేవా కేంద్రంలోనే, 500 రూపాయలకు ఇస్తారు.

తట్టు టీకా సంగతి మరవకండి. 2020 మార్చి 1 నుంచి జర్మనీలో పిల్లల కేంద్రాల్లో పనిచేసేవాళ్లు, 1970 తర్వాత పుట్టినవాళ్లయితే, తట్టు రాకుండా రక్షణ ఉందని చూపించాల్సిందే. మన చిన్నప్పటి టీకా కార్డు అమ్మ బీరువాలో దొరికితే అదృష్టమే. దొరకకపోతే ఎంఎంఆర్ టీకా రెండు డోసులు, మధ్యలో కనీసం నాలుగు వారాలు తేడాతో వేయించుకుని, డాక్టరు గారి చేత ఇంగ్లీషులో తేదీలతో రాయించి స్టాంపు వేయించుకోండి. ఆ నాలుగు వారాల కోసమే దీన్ని చివరికి వాయిదా వేయొద్దంటున్నాను.

వీసా జాతీయ వీసా, అంటే ఎక్కువ కాలం ఉండటానికి ఇచ్చే వీసా అయి ఉండాలి, ఫీజు 75 యూరోలు. సంస్థ సంతకం చేసిన ఒప్పందమే మీ అసలు ఆధారం. అందులో పని గంటలు, చేతిఖర్చు, గది, భోజనం, సెలవులు, బీమా అన్నీ ఉండాలి.

వీడియో ఇంటర్వ్యూలో మీరు అడగాల్సినవి కూడా ఉంటాయి. వంట అక్కడే చేస్తారా, బయటి నుంచి వచ్చింది వేడి చేసి పెడతారా? రెండోదైతే మీ పని ఎక్కువగా వడ్డన, గిన్నెలు, శుభ్రం. పంది మాంసం, గొడ్డు మాంసం ముట్టుకోవాల్సి వస్తుందా? మీకు అభ్యంతరం ఉంటే అప్పుడే చెప్పండి. నేను చెప్పాను. వంటగది పెద్దావిడ ఏమీ అనుకోలేదు, మాంసం వండే రోజుల్లో నాకు సలాడ్, పండ్ల పని ఇచ్చింది. వెళ్లాక, పొయ్యి దగ్గర నిలబడి చెప్తే మాత్రం అందరికీ ఇబ్బంది.

విమానం బెంగళూరు నుంచి ఎక్కండి. 44వ నంబరు జాతీయ రహదారి మీద అనంతపురం నుంచి వెళ్తుంటే నగరానికి ముందే దేవనహళ్లి వస్తుంది, విమానాశ్రయం అక్కడే.

దిగిన మొదటి రెండు వారాలు

ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు ఊరి కార్యాలయంలో చిరునామా నమోదు చేసుకోవాలి. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన కాగితం కావాలి, తాళం చెవి తీసుకున్న రోజే అడిగి తీసుకోండి. ఆ నమోదు లేకపోతే బ్యాంకు ఖాతా, నివాస అనుమతి ఏదీ ముందుకు కదలదు.

వంటగదిలో అడుగు పెట్టాలంటే ఆరోగ్య శాఖ కార్యాలయం ఇచ్చే కాగితం ఇంకొకటి ఉండాలి, వాడుకలో ఎర్ర కార్డు అంటారు. వైద్య పరీక్ష ఉండదు, అంటువ్యాధుల చట్టం గురించి పాఠం చెప్పి సంతకం తీసుకుంటారు. పనిలో చేరే రోజుకు ఆ కార్డు మూడు నెలల కంటే పాతదై ఉండకూడదు. ఆ పాఠంలో ముఖ్యమైనది ఒకటే. వాంతులో విరేచనాలో అయితే వంటగదిలోకి రాకూడదు, ఫోన్ చేసి చెప్పాలి, తగ్గాక కూడా రెండు రోజులు ఆగాలి. ఒళ్లు బాగాలేకపోయినా పనికి వెళ్లడం మనకు గొప్ప. అక్కడ అది పిల్లలకు చేసే హాని.

రోజు ఎలా గడుస్తుంది

ఏడున్నరకల్లా జుట్టు కట్టేసి టోపీ పెట్టుకోవాలి, ఏప్రాన్ కట్టుకోవాలి. ఉంగరం, గాజులు, వాచీ, గోళ్ల రంగు ఉండకూడదు. పెళ్లయినవాళ్లు తాళిని దుస్తుల లోపల మెడకు దగ్గరగా ఉండేలా వేసుకుని, ముందే పెద్దావిడతో మాట్లాడుకోండి. కాళ్లకు జారని మూసిన బూట్లు కొనుక్కోండి, తడి టైల్స్ మీద చెప్పులతో నడిచే అలవాటు ఇక్కడే వదిలేయండి.

తరిగే పలకలు రంగుల్లో ఉంటాయి. మాంసానికి ఒకటి, చేపకు ఒకటి, కూరగాయలకు ఒకటి. ఏ రంగు దేనికో గోడ మీద రాసి ఉంటుంది, మొదటి రోజే ఫోన్‌లో ఫొటో తీసుకుని రాత్రి చదువుకోండి. ఫ్రిజ్‌లో పెట్టే ప్రతి డబ్బా మీదా ఏమిటి, ఎప్పుడు తెరిచారు అని రాయాలి. తేదీ మనలాగే రోజు, నెల, సంవత్సరం వరసలో. వండింది లోపలిదాకా కనీసం 70 డిగ్రీలు చేరి రెండు నిమిషాలు ఉండాలి, థర్మామీటరు గుచ్చి చూసి కాగితం మీద రాస్తారు. మా వంటగదిలో వడ్డించేదాకా 65 డిగ్రీలకు తగ్గకూడదు. ప్రతి వంటకంలో 100 గ్రాములు విడిగా తీసి మైనస్ 18 డిగ్రీల్లో కనీసం వారం దాచాలి. పిల్లలకు ఏమైనా అయితే కారణం వెతకడానికి అది కావాలి. మా పెద్దావిడ ఎంత తొందరలో ఉన్నా ఆ 100 గ్రాములు తీయకుండా గిన్నె బయటికి పంపలేదు.

రుచి చూసిన చెంచా మళ్లీ గిన్నెలో పెట్టొద్దు. రెండో రోజు సూపు చేస్తూ నేను ఆ తప్పు చేశాను. పప్పులో ఉప్పు చూసి అదే గరిటెతో కలపడం చిన్నప్పటి నుంచి వచ్చిన అలవాటు. ఆవిడ కేకలు వేయలేదు. ఆ సూపు మొత్తం పారబోసి, పిల్లలకు ఆ పూట రొట్టె, జున్ను పెట్టించింది. అంత సూపు నా వల్ల పోయిందే అని రాత్రంతా నిద్ర పట్టలేదు. మర్నాటి నుంచి ఏప్రాన్ జేబులో రెండు చెంచాలు పెట్టుకున్నాను, ఒకటి తీసి ఇంకో దాంట్లోకి వంచి రుచి చూడ్డానికి. మీరు మొదటి రోజు నుంచే పెట్టుకోండి.

ఉప్పు చాలా తక్కువ వేస్తారు, మీకు చప్పగా ఉంటుంది. పిల్లల మూత్రపిండాలకు అదే సరి. ఏడాది లోపు పిల్లలకు తేనె పెట్టరు. ద్రాక్షను నిలువుగా నాలుగు ముక్కలు చేసే ఇస్తారు, గింజలు, పలుకులు చిన్నవాళ్లకు అసలే ఇవ్వరు, గొంతులో అడ్డుపడతాయని.

పిల్లల దగ్గర

నాకు కష్టమైంది పని కాదు, ఇది. మనం పిల్లల వెనక గిన్నె పట్టుకుని తిరిగి, చందమామను చూపించి ఇంకొక్క ముద్ద, ఇంకొక్క ముద్ద అని పెడతాం. గోరుముద్ద అనే మాటలోనే ప్రేమ ఉంది మనకు. అక్కడ రెండేళ్ల పిల్లాడు కూడా గిన్నెలోంచి తనే వడ్డించుకుంటాడు, కింద పోసుకుంటాడు, తనే తుడుస్తాడు. ఇష్ బిన్ జాట్ అంటే కడుపు నిండింది అని. ఆ మాట వినగానే పళ్లెం తీసేయాలి, ఇంకొకసారి అడగకూడదు. మొదట్లో నాకు అది నిర్దయలా అనిపించింది. రెండు నెలలు చూశాక, ఏ పిల్లా అన్నం దగ్గర ఏడవడం లేదని గమనించాను. మీకూ చేతులు ఆగవు, అయినా ఆపండి.

ఫొటోలు అసలు వద్దు. పిల్లల ముఖం మీ ఫోన్‌లోకి రాకూడదు, స్టేటస్‌లోకి అంతకన్నా రాకూడదు. ఇంట్లోవాళ్లు చూపించమంటారు. ఖాళీ వంటగది చూపించండి.

మీ ఊరి వంట అడిగినప్పుడు

మూడో నాలుగో నెలలో తప్పకుండా అడుగుతారు, మీ దేశపు వంట ఒకటి చేయమని. అప్పుడు తొందరపడొద్దు. ఐరోపా నిబంధనల్లో తప్పక ప్రకటించాల్సిన అలర్జీ పదార్థాలు 14 ఉన్నాయి. గోధుమ లాంటి గ్లూటెన్ ధాన్యాలు, గుడ్లు, చేప, రొయ్య జాతి, నత్త జాతి, వేరుశనగ, సోయా, పాలు, జీడిపప్పు బాదం జాతి, సెలరీ, ఆవాలు, నువ్వులు, లూపిన్ అనే చిక్కుడు జాతి గింజలు, నిల్వ కోసం కలిపే సల్ఫైట్లు. ఈ జాబితాను మన వంటింట్లో నిలబడి చదవండి. బుడ్డలు అన్నా, శెనక్కాయలు అన్నా మన రాయలసీమ వంటకు అవే ప్రాణం. ఊరిబిండి, వంకాయ కూరలో పొడి, బెల్లం ఉండలు, చివరికి తాలింపు నూనె కూడా అదే. నేను అమ్మ చేసిన బుడ్డల పొడి ఒక డబ్బా ప్రేమతో వంటగదికి తీసుకెళ్లాను. ఆవిడ దాన్ని తెరవకుండానే సంచిలో కట్టి ఇంటికి పంపించి, బల్ల రెండుసార్లు తుడిచింది. ఆ కేంద్రంలో ఒక పాప ఉంది, వేరుశనగ పొడి గాలిలో ఉన్నా ఊపిరి ఆడదు ఆ పాపకు. ఆ పాప పేరు, ఫొటో వంటగది తలుపు లోపల అంటించి ఉంటాయి. మీ కేంద్రంలో అలాంటి కాగితం ఎక్కడుందో మొదటి గంటలోనే అడగండి.

అందుకే నేను పప్పన్నం చేశాను. వాళ్లకు కాయధాన్యాల సూపు అలవాటే, కాబట్టి పప్పు కొత్తగా అనిపించదు. కందిపప్పు దొరకని చోట ఎర్ర పప్పు, అంటే మైసూరు పప్పు, ప్రతి దుకాణంలోనూ దొరుకుతుంది, త్వరగా మెత్తబడుతుంది. తాలింపులో ఆవాలు తీసేశాను, నువ్వులు లేవు. ఇంగువ కూడా వద్దు, దుకాణాల్లో దొరికే పొడి ఇంగువలో చాలావాటికి గోధుమపిండి కలుపుతారు. నెయ్యి పాల కిందకి వస్తుంది, పాలు పడని పిల్లలిద్దరు ఉన్నారు. మిరపకాయ సంగతి చెప్పక్కర్లేదు. పొద్దుతిరుగుడు నూనె, జీలకర్ర, పసుపు, టమోటా, కొంచెం వెల్లుల్లి మిగిలాయి. ఇక్కడ ఇంట్లో నాలుగుసార్లు వాటితోనే చేసి చూడండి, చేయి కుదురుతుంది.

వారం ముందే ఆ వంటలో పడేవన్నీ, నూనె పేరుతో సహా, ఒక కాగితం మీద రాసి పెద్దావిడకు ఇవ్వండి. ప్యాకెట్లు విప్పకుండా తెచ్చి చూపించండి, వెనక ముద్రించింది ఆవిడే చదువుతుంది. ఆవిడ సరే అన్నాక, ఆ రోజు పొద్దున బోర్డు మీద వంటకం పేరు మీ చేత్తో రాయండి. నేను జర్మన్ అక్షరాల్లో పప్పు అని రాశాను. పదకొండున్నరకు గిన్నెలు వెళ్లాయి, 67 డిగ్రీలు. 100 గ్రాములు ఫ్రీజర్‌లో పెట్టి తేదీ వేశాను.